తొమ్మిది జానల పడక

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. అంటే అన్నీ వచ్చని కాదు, ఎవరేమడిగినా 'వచ్చు' అనడం మాత్రం బాగా వచ్చేది. ఇరవై రెండేళ్ల వయసు, మూడు జతల బట్టలు, కువైట్‌లో దిగిన కొత్త. వంట వచ్చా అంటే వచ్చు. ఈత వచ్చా అంటే వచ్చు (మా ఊళ్లో మోకాలి లోతు నీళ్లు నిలిచిన సంవత్సరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు). అరబ్బీ వచ్చా అన్నప్పుడు కూడా తల ఊపాను, ఆ ప్రశ్న అరబ్బీలోనే అడిగారు కాబట్టి వాళ్లు ఏం అడిగారో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. అబూ హలీఫాలో ఒక చెక్కపని షెడ్డులో పనిచేస్తున్నాను. ఎవరైనా ఏదైనా వచ్చా అని అడిగితే కాసేపు ఆలోచించి 'చూడాలి' అంటున్నాను. నా నోటికి ఇంత నిదానం ఎలా అలవాటైందో ఇంట్లోవాళ్లకు కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

నన్ను జహ్రాలో ఒక కువైటీ ఇంటికి హౌస్ డ్రైవర్‌గా తెచ్చుకున్నారు. ఇంటాయనను బాబా అనీ, ఇంటావిడను మామా అనీ పిలవాలని విమానాశ్రయం నుంచి వచ్చే దారిలోనే నేర్పారు. బాబా అరవై దాటిన మనిషి, పొడగరి, మాట తక్కువ, గల్ఫు హిందీ కొంచెం వచ్చు. పెత్తనమంతా మామాది. ఆవిడ నన్ను 'దరేవల్' అని పిలిచేది, అక్కడివాళ్ల నోట్లో డ్రైవర్ అలా పలుకుతుంది. పిలిచిన ప్రతిసారీ నాకు తల వంగిపోయేది, ఎందుకంటే కువైట్ లైసెన్స్ పరీక్ష అప్పటికి రెండుసార్లు తప్పాను. మొదటిసారి రివర్సులో వస్తూ ఒక ప్లాస్టిక్ దిమ్మెను పడగొట్టాను. రెండోసారి దాన్ని పడగొట్టకూడదన్న భయంలో పక్కనున్న రెండింటిని పడగొట్టాను. లైసెన్స్ లేని డ్రైవర్‌కు ఇంట్లో పనేముంటుంది? పొద్దున కార్లు కడిగేవాణ్ణి, తోచక మధ్యాహ్నం మళ్లీ కడిగేవాణ్ణి. ఎక్కడికైనా పోవాల్సి వస్తే బాబా నడిపేవాడు, నేను పక్క సీట్లో బెల్టు పెట్టుకొని కూర్చునేవాణ్ణి. (డ్రైవర్‌ను కూర్చోబెట్టి యజమాని తిప్పే ఇల్లు జహ్రాలో మాదొక్కటేనని వీధంతా చెప్పుకునేవారట.)

ఆ ఇంట్లో పనిచేసే అక్క ఒకామె ఉండేది. మాది రాయచోటి దగ్గర పల్లె, ఆమెది చిట్వేలి వైపు. పదేళ్లుగా ఉన్న మనిషి కాబట్టి అరబ్బీ నీళ్లలా మాట్లాడేది, ఇంటి కబుర్లన్నీ ఆమె ద్వారానే నాకు అందేవి. ఒకరోజు నా ముందు రొట్టె పెట్టి, పక్కనే నిలబడిపోయింది.

"అబ్బీ, మామా నిన్ను ఇంటికి పంపిచ్చేస్తానంటాంది. తిని కూసునేదానికి మనిషెందుకు అనింది. బాబా ఏం మాట్లాడలే."

"ఎప్పుడంటక్కా?"

"గుడారాలు ఏసే లోపలంట."

చలికాలం రాగానే ఎడారిలో గుడారాలు వేసుకొని సెలవులన్నీ అక్కడ గడపడం ఆ కుటుంబాల అలవాటు. దానికింకా నెల కూడా లేదు. నేను వచ్చి ఐదు నెలలు. బయలుదేరిన రోజు మా వీధి వీధంతా బస్టాండుకు వచ్చి నన్ను సాగనంపింది, మా నాయన కొత్త చొక్కా వేసుకొని మరీ వచ్చాడు. ఆరో నెలలో అదే బస్టాండులో పెట్టెతో దిగితే ఎవరి ముఖం ఎలా చూడాలి? కార్లు నడపడం రాక వచ్చేశానని చెప్పాలా?

రెండు రోజుల తర్వాత బాబా నన్ను కబ్ద్‌లో ఉన్న వాళ్ల గొర్రెల దొడ్డికి తీసుకెళ్లాడు (ఆయనే నడిపాడని వేరే చెప్పనక్కర్లేదు). దొడ్డి వెనకాల, టార్పాలిన్ కింద, ఒక పాత కారవాన్ ఉంది. అలాంటిది నేను అంతవరకు చూడలేదు. చక్రాల మీద ఇల్లు! లోపల పొయ్యి ఉంది, చేతులు కడుక్కునే తొట్టి ఉంది, బెంచీ ఎత్తితే నీళ్ల ట్యాంకు ఉంది. బీరువా అనుకొని తెరిస్తే స్నానాల గది. నేను బాబా పక్కన ఉన్న సంగతే మరిచిపోయి తలుపు తర్వాత తలుపు తెరుచుకుంటూ పోయాను, నీళ్లు ఎటుపోతాయి, కరెంటు ఎటునుంచి వస్తుంది అని సీట్ల కింద తల దూర్చి చూశాను. అన్నిటికంటే వింత డ్రైవర్ సీటు నెత్తిమీద ఉంది. కప్పు అక్కడ ముందుకు పొడుచుకొచ్చి, చిన్న కిటికీతో, నిచ్చెనతో ఒక అటకలాగా ఉంది. మా ఇళ్లల్లో అటక మీద పాత గిన్నెలు పెడతాం, వీళ్లు మనుషుల్ని పడుకోబెడతారు. కానీ ఆ అటక చూడబోతే కుళ్లి, ఉబ్బి, సగం విరిగి సీటు మీదికి వేలాడుతూ ఉంది. ఎడారిలో వాన నీళ్లకు చెక్క కుళ్లిందని ఊళ్లో చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఎండకు కప్పు అతుకులు పగిలి, ఏటా పడే ఆ నాలుగు వానలూ నేరుగా అందులోకే దిగాయి.

"నా పిల్లలు దీంట్లోనే పడుకునేవాళ్లు. ఈసారి మనవలు వస్తారు. పైకి ఎక్కుతామంటారు," అన్నాడు బాబా. నావైపు తిరిగి, "నీకు చెక్కపని వచ్చా?" అన్నాడు.

"వచ్చు బాబా."

(చెక్కపనితో నా అనుబంధం ఇంతే: చిన్నప్పుడు మా వీధి వడ్రంగి అరుగు మీద గంటల తరబడి కూర్చొని ఆయన చేతుల్ని చూసేవాణ్ణి, లేచేటప్పుడు రాలిన పొట్టు గంపకెత్తుకొని పొయ్యిలోకి తెచ్చేవాణ్ణి.)

"గుడారాలు వేసే లోపల ఇది బాగైతే నువ్వుంటావు. మామాతో నేను మాట్లాడతాను. యల్లా, ఇక మొదలుపెట్టు," అన్నాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే బాబా నన్ను అక్కడ దింపి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లేవాడు. ఊడదీయడమంటే నాకు చెప్పలేనంత ఇష్టం. కట్టడం రాకపోయినా ఒక వస్తువు లోపల ఏముందో చూడాలన్న ఆత్రం మాత్రం పుట్టుకతో వచ్చింది (మా ఇంట్లో ఒక గడియారం, ఒక రేడియో అలాగే పోయాయి). పైన చిరిగిన గుడ్డ, దాని కింద గడ్డలు కట్టిన స్పాంజి, దాని కింద ముట్టుకుంటే రాలిపోయే చెక్క. గోడ రేకు వెనకాల వేలెడు మందం చెక్క పట్టీలు, వాటి మధ్య తెల్లటి థర్మోకోల్. బయటికి లారీలా గట్టిగా కనపడే బండి లోపల ఇంత సన్నటి ఎముకల మీద నిలబడిందా అని ఆశ్చర్యపోయాను. మూడో రోజు, కిటికీ పక్కనున్న చివరి రేకు ఊడదీస్తే, దాని వెనకాల పట్టీ మీద పెన్సిలుతో రాసి ఉంది. తెలుగులో.

'పొడువు 9 జానలు. ఎడల్పు 5. వాన నీళ్లు ఈడ దిగుతాండాయి. సూసుకోండి.'

నేను నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఐదు నెలల్లో నాకోసమని తెలుగులో ఎవరూ ఏదీ రాయలేదు. ఇదెవరు రాశారు? ఎన్నేళ్లయింది? అన్నిటికంటే, 'సూసుకోండి' అని ఎవరికి చెప్పాడు? ఈ రేకు మళ్లీ ఊడదీసేవాడు తెలుగువాడే అవుతాడని ఆ మహానుభావుడికి ఎలా తెలుసు? ఆ సాయంత్రం బాబాను అడిగాను, ఈ పడక మునుపు ఎవరు చేశారని. "చాలా కాలమైంది. ఒక హిందీవాడు," అన్నాడు. వాళ్ల లెక్కలో మన దేశంవాళ్లందరూ హిందీవాళ్లే, కాబట్టి ఆ జవాబుతో నేను ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. నా జేబులో టేపు ఉంది. బాబా కొనిచ్చిన కొత్త పసుప్పచ్చ టేపు. ఈ గోడ నుంచి ఆ గోడకు దాన్ని ఒకసారి లాగితే అరనిమిషంలో తేలిపోయే పని. లాగలేదు. ఎందుకు లాగలేదంటే, మా భాషలో, మా యాసలో, ఒక పెద్దమనిషి కొలిచి రాసిపెట్టిన లెక్క ఉండగా దాన్ని మళ్లీ కొలవడం నాకు మర్యాదగా తోచలేదు. ఇంతకంటే మంచి కారణం ఉంటే పన్నెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు దొరికేది. చెక్కల దుకాణానికి వెళ్లి, ప్లైవుడ్ షీటు మీద దర్జాగా చెయ్యి చాపి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసకు జానలు పెట్టుకుంటూ తొమ్మిది లెక్కపెట్టి గీత గీశాను. కోసే మిషను దగ్గరున్న మనిషి నన్ను ఎగాదిగా చూసి, "టేపు లేదా భాయ్?" అన్నాడు. "ఉంది," అన్నాను గంభీరంగా. ఆయన కోసిచ్చాడు.

రెండు పక్కల గోడలకు బద్దెలు బిగించాను. వాటిమీద పలక కూర్చోవాలి. దొడ్డిలో ఎవరూ లేరు కాబట్టి ఒక్కణ్ణే పలకను నెత్తి మీద పెట్టుకొని నిచ్చెన ఎక్కి, ఎడమ అంచును బద్దె మీద ఆనించి, కుడి అంచును నెమ్మదిగా వదిలాను. కుడిపక్క దాన్ని ఆపడానికి ఏమీ లేదు. పలక దభీమని డ్రైవర్ సీటు మీద పడి, హారన్ మీద బోర్లా వాలింది. ఆ ముసలి బండికి ఇంజను లేవకపోయినా హారన్ మాత్రం చెక్కుచెదరలేదు. గొర్రెలన్నీ దొడ్డి ఆ చివరికి పరిగెత్తి గోడకు అతుక్కుపోయాయి. పలకను లాగి హారన్ ఆపి, బద్దెకూ పలకకూ మధ్య చెయ్యి పెట్టి చూశాను. జానెడు సందు, కచ్చితంగా నా జానెడు.

పలక తక్కువైందంటే తప్పు నాదని ఒప్పుకునే రకం కాదు నేను ఆ రోజుల్లో. రాత తప్పు కాదు, లెక్క తప్పు కాదు. తేడా చేతిలో ఉంది. రాసినవాడి చెయ్యి నా చెయ్యి కంటే పెద్దది! ఆ చెయ్యిగల మనిషిని పట్టుకొని బాబా ముందు నిలబెడితే, 'ఇతని కొలత ప్రకారమే కోశాను' అని నిరూపించుకోవచ్చు, నా ఉద్యోగం నిలబడుతుంది. ఇదీ నా ఆలోచన. మిగిలిన ముక్కను అతికిద్దామన్న ఊహ కూడా రాలేదు. నిజం చెప్పాలంటే ఉద్యోగం ఒక వంతు, అసలు ఆ మనిషి ఎవరో చూడాలన్న తహతహ మూడు వంతులు.

శుక్రవారం జహ్రా బజారులో పడ్డాను. రొట్టెల దుకాణం వరుసలో, మంగలిషాపు బయట, టీ కొట్టు దగ్గర మనవాళ్లు కనపడితే చాలు ముందు చేతులు చూసేవాణ్ణి. కొంచెం పెద్దగా కనిపిస్తే, "అన్నా, ఒకసారి చెయ్యి చాపండి," అని నా చేతిని పక్కన పెట్టి కొలిచేవాణ్ణి. మూడో మనిషి చెయ్యి పట్టుకొని దీక్షగా చూస్తుండగా నాలుగో ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "నాకు ఇఖామా ఎప్పుడు మారుతుందో సూడప్పా," అన్నాడు (ఇఖామా అంటే మనల్ని అక్కడ ఉండనిచ్చే పర్మిట్టు). కాదని చెప్పేలోపే వరుస కట్టేశారు. చెయ్యి చూడటం వచ్చా అని ఎవరో అడిగారు. నేనేమని ఉంటానో మీకు తెలుసు. ఆ మధ్యాహ్నం పదకొండు మందికి మంచిరోజులు వస్తాయని చెప్పి, ఉచితంగా రెండు టీలు తాగి, అసలు మనిషి దొరక్కుండా ఇల్లు చేరాను.

సంగతి విని అక్క కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వడం అయ్యాక, "నన్నడిగితే అయిపోతాండె గదా. ఈ ఇంట్లో నాకు ముందర ఒక తాత వంట చేస్తాన్యాడు, రాజంపేటాయప్ప. ఇప్పుడు మూడో వీధిలో ఉండాడు. ఆయప్పే చేసింటాడు," అంది. నిలబడ్డ పళంగా పరిగెత్తాను. పెద్ద గేటు పక్కన గోధుమలు చెరుగుతూ ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. దండం పెట్టడానికంటే ముందు ఆయన చేతులు చూశాను. ఆ చేతులు నా చేతుల కంటే చిన్నవి.

కారవాన్ పేరెత్తగానే ఆయన ముఖం వెలిగింది. "ఆ రాత ఇంకా ఉండాదా?" అన్నాడు.

"ఉంది తాతా. కానీ మీ జానతో తొమ్మిదంటే పలక ఇంకా పొట్టిగా రావాల కదా?"

"నా జాన ఎందుకైతాది అబ్బీ? నా చెయ్యి దోసె తిప్పేదానికి సాలు. అప్పుడు టేపు కనపడకపాయె. బాబానే పైకెక్కి చేత్తో కొలిచి చెప్పె, నేను నిచ్చెన మీద నిలబడి రాసుకుంటి. అది ఆయప్ప జాన."

జహ్రాలో ఉన్న చేతులన్నీ వెతికాను, రోజూ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని స్టీరింగ్ తిప్పే చేతుల్ని తప్ప. లేవబోతూ, అన్నాళ్లుగా మనసులో దొలిచే ప్రశ్న అడిగాను. "సూసుకోండి అని తెలుగులో రాసినారే, చదివేవాడు తెలుగోడే అని ఎట్ల తెలుసు తాతా?"

ఆయన చేట కింద పెట్టాడు. "ఇంకెవురొస్తారు నాయనా ఈడికి? నేను పోతే నీలాంటోడే ఇంకోడు వస్తాడు. రాకుండా ఉంటే బాగుండునని అనుకుంటి. అయినా వస్తాడు గదా అని రాస్తి." తర్వాత నా ముఖం చూసి, "దిగులు పెట్టుకోబాక. ఆయప్పతో నేను ఒక మాట అంటాలే," అన్నాడు.

ఆ మాట అన్నాడో లేదో తెలుసుకునే వ్యవధి లేదు. మర్నాడే మామా పని చూడటానికి కబ్ద్ వచ్చింది, కూడా అక్క. గుడారాల సామాను అప్పటికే దొడ్డి ముందు దింపేశారు. బండి లోపల నెత్తిమీద ఖాళీ బొక్క, బయట గోడకు ఆనించిన పొట్టి పలక, మధ్యలో నేను. మామా ఆ బొక్కనూ పలకనూ మార్చి మార్చి చూసి అక్కతో ఏదో అంది. అక్క నావైపు చూడకుండా చెప్పింది: "రెండ్రోజుల్లో టికెట్టు తీస్తానంటాంది అబ్బీ."

తప్పు నాదేనని చెప్పడానికి అరబ్బీలో మూడు ముక్కలు అక్క దగ్గర నేర్చుకొని పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది మాత్రం బాగా గుర్తుంది. అప్పుడు బాబా పలక దగ్గరికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చొని, కుడిచెయ్యి చాపి కొలవడం మొదలుపెట్టాడు. జానను వాళ్లు శిబర్ అంటారు. వాహద్, ఇత్నేన్, తలాత... ఒక్కొక్క జాన పెడుతూ పైకి లెక్కపెట్టాడు. తొమ్మిదో జాన సరిగ్గా పలక చివర ఆగింది.

"తమామ్," అన్నాడు, సరిగ్గా ఉందని. మామాతో నెమ్మదిగా ఆయన చెప్పింది అక్క నాకు తర్వాత చెప్పింది: "పాత కొలత నా చేతిది. అప్పుడు చెయ్యి ఇంకా చాచుకునేది, ఇప్పుడు ముడుచుకుపోయింది. వీడు తొమ్మిదంటే తొమ్మిది కోశాడు. వీడి తప్పేముంది?"

మామా బాబా చెయ్యి తన చేతుల్లోకి తీసుకొని, తిప్పి చూసి, వేళ్లు ఒక్కొక్కటే లాగి చూసింది. తర్వాత గట్టిగా కేకలేసింది, నామీద కాదు, ఆయన మీద. నొప్పి ఉంటే ఎందుకు చెప్పలేదు, డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదు అని కారెక్కేదాకా తిట్టింది. నా టికెట్టు సంగతి ఆవిడకు మళ్లీ గుర్తు రాలేదు. నేను గొర్రెల తొట్టి దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కున్నాను.

తర్వాత మూడు రోజులు బాబా నాతోపాటు పనిచేశాడు. టేపు ఆ కొస ఆయన పట్టుకుంటే ఈ కొస నేను పట్టుకున్నాను. మిగిలిన ముక్కను అతికి, అతుకు కింద అడ్డబద్దె బిగించి, కప్పు పగుళ్లు పూడ్చి, కొత్త స్పాంజి వేశాం. అతుకు దగ్గర చిన్న గట్టులా లేచింది, ఎంత చిత్రిక పట్టినా పోలేదు. మనవలు దాన్ని సరిహద్దు చేసుకొని ఆ గట్టు దాటితే తన్నుకునేవాళ్లు. ఆ చలికాలమే నేను మూడోసారి పరీక్షకు వెళ్లి లైసెన్స్ తెచ్చుకున్నాను, కానీ అప్పటికే చెక్క నన్ను పట్టేసింది.

గుడారాలు వేసిన మొదటి మధ్యాహ్నం అందరికీ మూతి ఇరుకైన పెద్ద గిన్నెలో మాంసం అన్నం వండారు. వడ్డించే ముందు బాబా వచ్చి ఆ గిన్నె మీది మూతను కుడిచేత్తో ఎత్తాడు. ఆ మూతకు పిడి ఊడిపోయింది. బొటనవేలు ఈ అంచున, చిటికెనవేలు ఆ అంచున, చెయ్యి మొత్తం విప్పారి ఉంది. అంత పెద్ద జాన నేను జహ్రా బజారు మొత్తంలో చూడలేదు. నేను చూస్తుండటం ఆయన చూశాడు. మూత నెమ్మదిగా పక్కన పెట్టి, ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఈద్‌కు ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్లి వస్తుంటాను. పోయినసారి కలిసినప్పుడు ఆయన వేళ్లు నిజంగానే ముడుచుకుపోయి ఉన్నాయి. నా చేతిలో పెట్టిన ఆ చేతిని కొంచెం ఎక్కువసేపే పట్టుకున్నాను. ఇక దాన్ని బట్టి పలక కొలిచిన రోజు సంగతి ఏదీ తేల్చుకోలేం, ఆయనను అడిగే వయసు నాకూ దాటిపోయింది. ఆ రోజు ఆ గిన్నె దగ్గరే అడగాల్సింది, అడిగితే చెప్పేవాడేమో. కానీ ఆ ఇరవై రెండేళ్ల కుర్రవాడికి అన్నంలో మాంసం ముక్కలు తప్ప ఇంకేమీ కనపడలేదు. పళ్లెం ముందుకు జరిపి ఇంకొంచెం పెట్టమన్నాడు. బాబా ఎడమచేత్తో పెట్టాడు.